అరవై అయిదో తుపాకీ

మ్యూజియం కింది అంతస్తులో ఎడమచేతి వైపు మూడో గది తుపాకులది. ఆ గది గుమ్మం పక్కన ఇనప కుర్చీలో ముప్ఫై ఒక్కేళ్లుగా కూర్చుంటున్న మనిషిని అందరూ తుపాకీ బాబాయి అంటారు. అమ్మానాన్నలు ముచ్చటపడి పెట్టిన పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. ఉద్యోగం పేరు మాత్రం ఘనమైనదే: సాయుధ కాపలాదారు.

ఆయుధం ఇచ్చారు, అబద్ధమెందుకు! చేరిన రోజునే స్టోరు గుమాస్తా పొడవాటి పాత తుపాకీ ఒకటి చేతిలో పెట్టి సంతకం తీసుకున్నాడు. తూటాలేవీ అని అడిగితే, "వాటికి వేరే ఫైలు" అన్నాడు. ఆ ఫైలు ఇప్పటికీ ఏదో ఒక బల్ల మీద నడుస్తూనే ఉంది, తూటా మాత్రం రాలేదు. అందుచేత ఆ తుపాకీ చేసిన ఘనకార్యాలు వేరు. కిటికీ పైన కందిరీగలు పెట్టిన పట్టును రాల్చింది. వానాకాలంలో తడిసిన చొక్కా దాని గొట్టం మీదే ఆరింది. గాలికి టపటప కొట్టుకునే తలుపుకు అడ్డంగా నిలబడింది. ఒక్క శత్రువు మీదైనా గురిపెట్టిన పాపాన పోలేదు.

బాబాయికి మాట్లాడటానికి మనిషి కావాలి. మాటలు లేకపోతే తిన్నది అరగదు. ఆ గదికి రోజూ జనం వస్తారు కాబట్టే ఆయన ఆరోగ్యం అంత బాగుండేదని డాక్టరు కూడా ఒప్పుకున్నాడు. అక్కడికొచ్చే మగవాళ్లను చూసి తీరాలి. గుమ్మం దాటగానే ఛాతీ రెండంగుళాలు పెరుగుతుంది. చేతులు వెనక్కి కట్టుకుని, ఏమీ తెలియకపోయినా తల పంకించి, "ఆ రోజుల్లో ఇనుమంటే ఇనుమేనయ్యా" అంటారు. ఇంట్లో బొద్దింక కనిపిస్తే భార్యను కేకేసేవాడు కూడా పిస్తోలు ముందు నిలబడి ఒక కన్ను మూస్తాడు. వాళ్ల భార్యలు కూర్చోవడానికి చోటు వెతుక్కుంటారు. ఇక బాబాయిని అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే, మరుగుదొడ్డి ఎటు అని. ఆయన దారి చూపిస్తాడు. చూపిస్తూ చూపిస్తూ, ఏ తుపాకీ ఏ దొరగారి చేతిలో వెనక్కి పేలి ఆయన మీసాన్నే కాల్చిందో కూడా చెప్పేస్తాడు. అర్జంటుగా వెళ్లాల్సినవాడు కాళ్లు మెలేసుకుని వింటాడు, పాపం.

ఇలా కాలం సాఫీగా గడుస్తుండగా, పదవీ విరమణ ఇంకో పధ్నాలుగు నెలలుందనగా, ప్రధాన కార్యాలయం నుంచి నిపుణురాలు ఒకామె లెక్క చూడటానికి వచ్చింది. చేతులకు తెల్లటి తొడుగులు, మెడలో భూతద్దం. రిజిస్టరులో ఉన్నవి అరవై నాలుగు తుపాకులు. ఆమె లెక్కకు అరవై అయిదు తేలాయి. మళ్లీ లెక్కపెట్టింది. మళ్లీ అరవై అయిదే. ఇందులో పెద్ద బ్రహ్మరహస్యం ఏమీ లేదు. బాబాయి టీకి వెళ్తూ తన తుపాకీని రెండు అద్దాల బీరువాల మధ్య గోడకు ఆనించి వెళ్లాడు. రోజూ చేసే పనే.

ఒక తుపాకీ తగ్గితే ఏం చేయాలో శాఖకు తెలుసు. దొంగతనం, పోలీసులు, ఇద్దరు ముగ్గురి సస్పెన్షన్. ఒకటి ఎక్కువైతే ఏం చేయాలి? దానికి ఫారమే లేదు. ఫారం లేని ప్రతిదాన్నీ ఆఫీసుల్లో పరిశోధన అంటారు.

బాబాయి మూతి తుడుచుకుంటూ తిరిగొచ్చేసరికి ఆయన తుపాకీకి తెల్లదారంతో చీటీ వేలాడుతోంది. దాని మీద 65 అని ఉంది.

"మేడమ్, అది నాదండీ," అన్నాడు నవ్వుతూ.

"ఇక్కడున్నవి ఎవరివీ కావు. జాతి సంపద," అందామె.

"జాతిదేనండీ, నేను కాదంటానా? కాకపోతే డ్యూటీకి నాకిచ్చారు."

ఆమె వింటేగా! తుపాకీని మెత్తటి గుడ్డ మీద పడుకోబెట్టి భూతద్దంతో అంగుళం అంగుళం చూస్తోంది. గదిలో ఉన్న అరవై నాలుగింటి కంటే అదే పాతదట. ఇన్నాళ్లూ పసివాటికి తాతను కాపలా పెట్టారన్నమాట. అంతలో వెనకవైపు చెక్క మీద ఆమెకు గాట్లు కనిపించాయి. వరసగా, లోతుగా, పదకొండు.

"అమ్మో! పదకొండు మంది!" అంటూ ఆమె గుండె మీద చెయ్యి వేసుకుంది.

ఆ గాట్లు పెట్టింది బాబాయే. డైరెక్టరు బదిలీ అయినప్పుడల్లా వీడ్కోలు సభలో దండ వేసి వచ్చి, కుర్చీలో కూర్చుని, చాకుతో ఒక గాటు పెట్టేవాడు. కొందరికి బాధతో పెట్టాడు, కొందరికి పీడ విరగడైందన్న సంతోషంతో పెట్టాడు. ఆ మాట చెబుదామని నోరు తెరిచి, ప్రభుత్వ ఆస్తిని చాకుతో చెక్కానని తానే ఒప్పుకున్నట్టవుతుందని గుర్తొచ్చి టక్కున మూసుకున్నాడు.

పదిహేను రోజులు తిరక్కుండా ఆ తుపాకీ గది నడుమ కొత్త అద్దాల పెట్టెలోకి ఎక్కింది. కింద ఎర్ర మఖమలు, పైన ప్రత్యేకంగా ఒక దీపం. ఆ దీపాన్ని మంత్రిగారు స్వయంగా వెలిగించి, స్విచ్ నొక్కిన వేలిని ఫోటోలకు చూపించారు. పెట్టె పక్కన పలక మీద ఇలా రాశారు: "పేరు తెలియని మహాయోధుడి ఆయుధం. దీని మీది పదకొండు గాట్లు అతడు నేలకూల్చిన పదకొండు మంది శత్రువుల గుర్తులు." చొక్కా ఆరేయగా పట్టిన తుప్పు మరక ఎండిన నెత్తురు కావచ్చని దాని కింద ఇంకో వాక్యం చేర్చారు.

మర్నాడే బాబాయికి కాగితం వచ్చింది. సాయుధ కాపలాదారు దగ్గర ఆయుధం ఉండాలి, నీ దగ్గర లేదు, కనుక ఊరి చివర ఉన్న పాత సామాన్ల గోదాముకు వెళ్లు అని దాని సారాంశం. ఆ గోదాములో విరిగిన బల్లలూ తలల్లేని విగ్రహాలూ తప్ప పలకరించే నరమానవుడు ఉండడు. బాబాయి ఆ సాయంత్రం కాళ్లీడ్చుకుంటూ ఇల్లు చేరాడు.

ఆయన భార్య ఇంట్లో బట్టలు కుడుతుంది. కాగితం చదివి మిషను మీద పెట్టింది.

"విగ్రహాలతో మీకు బాగానే కుదురుతుంది లెండి. మీ మాటలకు అడ్డు చెప్పవు," అంది. మొగుడి మొహం చూశాక ఇక ఎగతాళి చేయబుద్ధి కాలేదు. "వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేయండి. తుపాకీ మీకిచ్చేస్తారు."

"ఉద్యోగం పీకేస్తారే!"

"చెప్పకపోతే ఆ గోదాములో మీకు పిచ్చెక్కుతుంది. మీ పిచ్చి మీకు బాగానే ఉంటుంది, పడాల్సింది నేను. ఆపైన మీ ఇష్టం."

ఇప్పుడున్న డైరెక్టరు పన్నెండోవాడు. బాబాయి ఆయన బల్ల ముందు నిలబడి గాట్ల సంగతి మొత్తం కక్కేశాడు. డైరెక్టరు మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అందులో నాది ఏదయ్యా?"

"మీది ఇంకా లేదు సార్. మీరింకా వెళ్లలేదు కదా."

డైరెక్టరు లేచి తలుపు గడియ వేసి వచ్చాడు. "ఇది ఇంకెవరికైనా చెప్పావా?"

"మా ఆవిడకి చెప్పాను సార్."

"సరిపోయింది. ఊరంతా తెలిసిపోయింది!"

"లేదు సార్. ఆవిడ నా అంత వాగదు."

"చూడు బాబాయ్, ఆ తుపాకీ మీద పుస్తకాలు అచ్చయ్యాయి, మంత్రిగారు దీపం వెలిగించారు. ఇప్పుడు ఆ పదకొండు మందీ చావలేదంటే చచ్చేది నేను. తెలిసిందా?"

సాయంత్రానికి ఆయన బుర్రలోంచి కొత్త ఉత్తర్వు పుట్టుకొచ్చింది. "సదరు గదిలో తుపాకీ కలదు. కాపలాదారు కూడా కలడు. కావున అతనిని సాయుధునిగానే పరిగణించడమైనది." తుపాకీ అద్దంలో ఉండి, తాళంచెవి మేడ మీద ఉన్నా మనిషి సాయుధుడే. చూశారా, కలం తలుచుకుంటే ఎంత పనైనా చేస్తుంది! షరతు మాత్రం నోటిమాటగా చెప్పాడు. ఆ తుపాకీ గురించి ఎవరితోనైనా పెదవి విప్పితే మర్నాడే గోదాము.

బాబాయి తన కుర్చీ తనకు దక్కిందని పొంగిపోయాడు. కానీ ఆ పొంగు ఎంతోసేపు నిలవలేదు. జనం ఇప్పుడు అరవై అయిదో తుపాకీ కోసమే వస్తున్నారు. ఛాతీలు నాలుగంగుళాలు పెరుగుతున్నాయి. "పదకొండు మందిని లేపేశాడట, అదీ మగతనమంటే!" అని ఒకడు, "ఇప్పుడలాంటి వాళ్లేరీ?" అని ఇంకొకడు. బాబాయి నాలుక దురదతో చచ్చిపోతున్నాడు. ఇంటికి వెళ్లి భార్య దగ్గర అన్నీ వెళ్లబోసుకుని ఇద్దరూ పడీ పడీ నవ్వుకునేవారు. అలా నాలుగు నెలలు నెట్టుకొచ్చాడు.

ఒక మధ్యాహ్నం ఒక పెద్దామె ఒంటరిగా వచ్చింది. చేతిలో గొడుగు, భుజానికి సంచి. మరుగుదొడ్డి ఎటని అడగలేదు. పలక మీది మాటలు వేలు పెట్టి చూసుకుంటూ చదివింది. గాట్లు ఒక్కొక్కటే లెక్కపెట్టింది. తర్వాత బల్ల మీద కూలబడి చీర కొంగుతో కళ్లొత్తుకుంది.

"నీళ్లు తెమ్మంటారా అమ్మా?" అని బాబాయి దగ్గరికి వెళ్లాడు.

"వద్దు నాయనా. పదకొండు మంది, ఎవరు కన్నబిడ్డలో! వాళ్ల పేర్లు రాయాలని ఎవరికీ తోచలేదు. చంపినవాడికి దీపం పెట్టారు." గొడుగు ఒళ్లో పెట్టుకుని అంది, "మావాడూ యుద్ధానికి వెళ్లి తిరిగి రాలేదు. ఎవడో ఎక్కడో వాడికీ ఇట్లాగే ఒక గీత గీసుకుని ఉంటాడు."

నాలుగు నెలలుగా నవ్వుకున్నందుకు బాబాయికి ఒళ్లంతా సిగ్గేసింది. సరిగ్గా అప్పుడే డైరెక్టరు ఇద్దరు అతిథులను వెంటబెట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. బాబాయి ఆయన్ని చూశాడు. అయినా ఆగలేదు.

"ఎవరూ చావలేదమ్మా. ఆ గాట్లు నేను పెట్టినవి. ఇక్కడ పనిచేసి వెళ్లిన పదకొండు మంది డైరెక్టర్లవి. అందరూ పింఛను తీసుకుంటున్నారు."

గుమ్మంలో డైరెక్టరు దగ్గాడు, కళ్లెర్రజేశాడు. అతిథులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రేపటి నుంచి రెండు బస్సులు మారి గోదాముకు వెళ్లాలని బాబాయికి అర్థమైపోయింది. పెద్దామె ఇవేవీ చూడలేదు.

"నిజంగానా నాయనా? అందరూనా?" అంది.

"ఒట్టమ్మా. మొదటివారు ఇంటి ముందు గులాబీలు పెంచుతున్నారు. రెండోవారికి మోకాలి ఆపరేషనైంది, ఇప్పుడు బాగానే తిరుగుతున్నారు. మూడోవారు పెద్ద కోపిష్ఠి, కోపంతోనే గట్టిగా ఉన్నారు."

ఒక్కొక్కరికీ ఆమె ఒక్కో వేలు మడుస్తోంది. నాలుగు, అయిదు, ఆరు. మొహం కొంచెం కొంచెం తేటపడుతోంది. ఎనిమిదోవారి మనవరాలి పెళ్లి సంగతికి చిన్నగా నవ్వింది కూడా.

"తొమ్మిదో ఆయన?" అని అడిగింది, వేలు మడవకుండా.

తొమ్మిదో ఆయన కిందటి చలికాలంలో గుండెపోటుతో పోయారు. బాబాయి వెళ్లి చూసి వచ్చాడు కూడా.

"నిక్షేపంలా ఉన్నారమ్మా," అన్నాడు. "రోజూ పొద్దున్నే నడకకు వెళ్తారు."

ఆమె తొమ్మిదో వేలు మడిచింది.