మా సువర్ణ పంపిన వెలుగు వెనక్కి వచ్చింది

మా సువర్ణ నౌకరి పర్మినెంట్ అయింది! ఈ మాట ముందు రాయకపోతే నా కలం కదిలేలా లేదు. గాజు తీగలో వెలుగుతో మాటలు పంపే పరిశోధనశాలలో మా అమ్మాయి ఏడాదిగా తాత్కాలిక ఉద్యోగం చేస్తోంది. తన కొలతలు సరిగ్గా లేవని పెద్దసారుకు అనుమానం. ఇంటివాళ్ళకు పని చూపించే రోజున నన్నూ పిలిచారు. తీసేస్తున్నామని నా ముఖం మీదే చెప్పడానికేమోనని నా అనుమానం.

ఉదయం ఎనిమిదికి యాకుత్‌పురాలో సైకిల్ రిక్షా ఎక్కాను. పరిశోధనశాల ఉన్న కిషన్‌బాగ్‌కు మూడు రూపాయలు. చార్మినార్ దాటగానే సందులోకి తిప్పాడు.

"ఏంది భాయ్, చుట్టు తిప్పుతున్నవ్?"

"రోడ్డు తవ్విన్రు చాచా. నీకు నీ నీడ మీద గూడ డౌటేనా?"

రోడ్డు నిజంగానే తవ్వారు. గంటలో దించాడు. గుమ్మం దగ్గర చెప్పులు విడవమన్నారు. పోతాయని సంచిలో పెట్టుకున్నాను.

బల్ల మీద వెంట్రుకంత గాజు తీగ, చుట్టలు చుట్టలుగా ఉంది. సువర్ణ అందులోకి లేజర్ వెలుగు కొంచెం పంపితే తెర మీద సిగ్నల్ గీత శుభ్రంగా వచ్చింది. పెంచితే గజిబిజి.

"ఒక హద్దు దాటితే గాజే వెలుగును వెనక్కి పంపుతది బాపు. ఎంత పెంచినా ఈ గజిబిజి రొదనే పెరుగుతది" అంది సువర్ణ.

"తీగకు నువ్వేసిన అతుకు బాగలేదమ్మా, అంతే" అన్నారు సారు.

నాకూ నమ్మకం కుదరలేదు. బేగంబజార్‌లో ముప్పై ఏళ్ళు పెట్రోమాక్స్ దీపాలు అమ్మిన నేను, వెలుగు వెనక్కి రావడం ఎన్నడూ చూడలేదు. కానీ కొనవచ్చిన గిరాకీ అనుమానపడితే మా దుకాణంలో ఒకటే పద్ధతి. ఇంకో దీపం అతన్నే ఏరుకోమని, దాన్నే వెలిగించి చూపేవాణ్ణి.

"సార్, మీరు అతికించిన చుట్ట ఒకటి ఇయ్యుండ్రి. మా బిడ్డ దాంట్ల చూపిస్తది."

"బాపూ, ఊకో!" సువర్ణ ముఖం ఎర్రబడింది.

సారు నవ్వి బీరువా తెరిచారు. ఆయన చుట్టలోనూ మొదట శుభ్రమైన గీతే. పెంచుతూ పోతే, సరిగ్గా ఆ హద్దుకు రాగానే అదే గజిబిజి! సారు తనే రెండుసార్లు వెలుగు పెంచే మర తిప్పి చూశారు.

"పెద్దాయనా, మీక్కూడా నౌకరి కావాల్నా?" అని, సువర్ణను పర్మినెంట్ చేసే కాగితం మీద సంతకం పెట్టారు.

జీవితమంతా అనుమానపు మనిషినని ఇంట్లో తిట్లు తిన్నాను. నా బిడ్డను కూడా అనుమానించాను కదా అని తిరుగు దారంతా సిగ్గుపడ్డాను, మురిసిపోయాను. మీరూ పిల్లల కొలువు చూడబోతే చెప్పులకు ఒక సంచి తీసుకెళ్ళండి.

మలక్‌పేట పెద్దక్కకు చెప్పాలి. వరంగల్ చిన్నాన్నకు, సికింద్రాబాద్ వదినకు, పెద్దల్లుడికి చెప్పాలి. సువర్ణను తీసేస్తారని ఊరంతా చాటిన బావమరిది సత్తయ్యకు మాత్రం ఎవరూ చెప్పొద్దు. నేనే వెళ్తాను. నమ్మకపోతే గాజు తీగ చుట్ట వాణ్ణే ఏరుకోమంటాను.