పడవ బ్యాటరీ కోసం పోతిరెడ్డిపల్లి దాకా

గత జనవరిలో కాకినాడ నుంచి విశాఖకు వస్తుండగా, పూడిమడక ఎదురుగా, పట్టపగలు రెండు గంటలకు మా పడవలో కరెంటు పోయింది. ముప్పై రెండు అడుగుల తెరచాప పడవ. పేరు జగమొండి. ఆ పేరు పెట్టింది మా ఆవిడ సుభద్ర. ఎవరిని ఉద్దేశించి పెట్టిందో నేను అడగలేదు. ఇంజను ఇరుసు దగ్గర కొద్దిగా నీళ్ళు కారడం, అడుగున చేరిన ఆ నీటిని మోటారు పంపు బయటికి తోడడం మాకు అలవాటే. ఆ రోజు పంపు ఉన్నట్టుండి ఆగింది. దానితోపాటే రేడియో, దారి చూపే తెర కూడా ఆగాయి. లిథియం బ్యాటరీ లోపల బీఎంఎస్ అనే చిన్న బోర్డు ఒకటి ఉంటుంది. చార్జి మరీ తగ్గితే సెల్స్ పాడవకుండా కరెంటును కట్ చేయడం దాని పని. ఒక్క హెచ్చరిక కూడా లేకుండా అది తన పని చేసింది. ఇంజను స్టార్టు కావడానికీ అదే బ్యాటరీ కాబట్టి ఇంజను కూడా లేదు. గాలి కూడా దాదాపు పడిపోయింది. ఉన్న కాస్త గాలితో పడవ ఒడ్డుకు కొట్టుకుపోకుండా చూసుకోవాలి, నేను చుక్కాని వదల్లేను. ఈత రాని సుభద్ర చీలమండల లోతు నీళ్ళలో నిలబడి రెండున్నర గంటలు బకెట్టుతో తోడింది. చివరికి ఒక మరపడవ వాళ్ళు మమ్మల్ని రేవుకు లాక్కొచ్చారు. గట్టు మీద ఆమె ఒకటే మాట అంది: "పంపు ఆగదని మీరు నమ్మితే చాలదు. నాకు నమ్మకం కలిగిన రోజున ఎక్కుతాను." తరవాత ఎనిమిది నెలలు ఆమె పడవ మీద కాలు పెట్టలేదు.

ఈ ప్రమాదానికి కారకులు ఇద్దరు. ఎక్కడో వాడేసిన సెల్స్‌కు కొత్త స్టిక్కర్లు అంటించి నాకు అమ్మిన విశాఖ దుకాణదారు ఒకడు. మా రేవులో అందరూ కెప్టెన్ గారని పిలిచే పెద్దమనిషి రెండోవాడు. నేను పాత సీసం బ్యాటరీలు ఒకటి రెండు ఉంచుకుంటానంటే, "ఆ బరువు ఎందుకు మాస్టారూ, పారేయండి. మీరు పుస్తకాలు ఎక్కువ చదివి భయపడుతున్నారు" అని అందరి ముందూ నవ్వాడు. నేను ముప్పై ఆరేళ్ళు భౌతికశాస్త్రం పాఠం చెప్పినవాణ్ణి. ఆయన తన పడవను రేవు గోడ దాటించి పదకొండేళ్ళయింది. అయినా ఆ నవ్వుకు లొంగి సీసం బ్యాటరీలు పారేశాను. అందుకని ఈసారి ఎవరి మాటా వినదలచుకోలేదు. పెట్టె మూత వేసే ముందు లోపల ఏముందో నా కళ్ళతో చూడాలనుకున్నాను. సంగారెడ్డి దగ్గర పోతిరెడ్డిపల్లిలో ఎలక్ట్రిక్ ఆటోలకు బ్యాటరీలు కట్టే చిన్న షెడ్డు ఉందని పాత విద్యార్థి ఒకడు చెప్పాడు. పన్నెండు వోల్టులు, నాలుగు వందల ఆంపియర్ అవర్ల ప్యాకు ఒకటి కట్టమని, పరీక్ష త్వరగా తేలేలా నేను వచ్చేసరికి ముప్పాతిక వంతు ఖాళీ చేసి ఉంచమని ఫోన్లో చెప్పి బయలుదేరాను.

విశాఖ నుంచి రాత్రి రైలు, పొద్దున్నే సికింద్రాబాద్, అక్కడ లోకల్ రైలు ఎక్కితే లింగంపల్లి, ఆపైన సిటీ బస్సు. తొమ్మిదింటికల్లా పటాన్‌చెరులో ఉన్నాను. అక్కడి నుంచి పోతిరెడ్డిపల్లి పాతిక కిలోమీటర్ల లోపే. సంగారెడ్డి బస్సులు ఎన్నో ఉన్నాయి. కానీ అవే బ్యాటరీలతో నడిచే ఆటో ఎలా ఉంటుందో చూద్దామని, రానూపోనూ ఏడు వందలకు ఒక ఎలక్ట్రిక్ ఆటో మాట్లాడుకున్నాను. నడిపే ఆయన యాదగిరి, నలభై దాటినవాడు, సొంతూరు కాజీపల్లి.

"బ్యాటరీ కోసం వైజాగ్ నుంచి ఇంత దూరం వచ్చిండ్రా సారూ? మీ దిక్కు దొరకవా?"

"దొరుకుతాయి. నమ్మకం దొరకదు."

"గదైతే మా దిక్కు గూడ కిరాయికే దొరుకుతది" అని గట్టిగా నవ్వాడు.

ముత్తంగి కూడలి దాటుతుండగా ఆటో ఒక్క కుదుపుతో ఆగిపోయింది. వెనక రసాయనాల ట్యాంకరు హారన్ మోగిస్తూ మీదికి వస్తోంది. పూడిమడక దగ్గర పంపు ఆగినప్పటి నిశ్శబ్దమే మళ్ళీ నా చెవుల్లో నిండింది. యాదగిరి తొణకలేదు. సీటు కిందికి చెయ్యి పోనిచ్చి ఏదో నొక్కాడు. ఆటో కదిలింది.

"ఏమిటది?"

"దొంగ స్విచ్చు. రాత్రి చార్జింగ్ సరిగ్గ ఎక్కలే. బీఎంఎస్ బంద్ చేస్తే ఇది ఒత్తుడే, ఇంకో ఇరవై కిలోమీటర్లు గుంజుతది. మీరు పొయ్యేటి షెడ్డుల్నే పెట్టిచ్చిన. మల్లేశమన్న దగ్గర అనసూయక్క అందరికీ ఏస్తది."

చెయ్యి ఆనించి చూశాను. సీటు వెచ్చగా ఉంది. ఎండ వల్ల అని నాకు నేను చెప్పుకున్నాను. కాపలా బోర్డును తప్పించి కరెంటు లాగితే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. మరీ ఖాళీ అయిన సెల్స్ లోపల దెబ్బతింటాయి, ఉబ్బుతాయి, మళ్ళీ చార్జి ఎక్కేటప్పుడు అంటుకోవచ్చు కూడా. ఇస్నాపూర్, రుద్రారం, కంది అన్నీ ఆ వెచ్చదనం మీద కూర్చునే దాటాను. దారిలో ఏం చూశానని అడిగితే చెప్పలేను. కాళ్ళు రెండూ ఆటో బయటి అంచుకు పెట్టి, దూకడానికి సిద్ధంగా ఉన్నానన్నది మాత్రం గుర్తుంది.

పదిన్నరకు షెడ్డు చేరాం. యజమాని మల్లేశం నెమ్మదస్తుడు. టీ తెప్పించాడు. మూల బల్ల దగ్గర ఒకావిడ తల ఎత్తకుండా సెల్స్‌ను మీటరుతో ఒక్కొక్కటే చూసి వరుస పెడుతోంది. ఆవిడే అనసూయ. రైతు కుటుంబమని, కోడలిగా వచ్చినప్పుడు పొలం పని చేసేదని, ఈ పని నేర్చి ఆరేళ్ళయిందని మల్లేశం చెప్పాడు. నా ప్యాకు సిద్ధంగా ఉంది. నలభై ఎనిమిది కిలోల నీలం రంగు పెట్టె, చక్కగా ఉంది. చూడగానే నచ్చింది. విశాఖ దుకాణంలోనూ నాకు ఇలాగే నచ్చింది కదా అని వెంటనే భయమేసింది.

"పరీక్ష చేయాలి. పది వోల్టులకు దిగగానే బోర్డు కట్ చేస్తుందో లేదో నాకు కనబడాలి" అన్నాను.

ఇన్వర్టరు తగిలించి, పెద్ద హాలోజెన్ దీపాలు నాలుగు వెలిగించారు. గంటంబావు గడిచింది. మీటరు పన్నెండు దాటి కిందికి దిగింది. పదకొండు. పదిన్నర. ఆ తరవాత వేగంగా పడింది. పది. దీపాలు ఆరలేదు. ఇన్వర్టరు కీచుమని కూత పెట్టింది. తొమ్మిది ముప్పావు. దీపాలు ఇంకా వెలుగుతూనే ఉన్నాయి. లేచి నేనే వైరు పీకేశాను.

"మీటర్ తప్పు చూపెడ్తుండొచ్చు సార్" అన్నాడు మల్లేశం.

"మూత తీయండి."

మూత తీశారు. బోర్డు పక్కనుంచి, దానితో సంబంధం లేకుండా, చిటికెన వేలంత లావున్న రెండు నల్ల వైర్లు సెల్స్ నుంచి సూటిగా బయటి బోల్టుకు బిగించి ఉన్నాయి. చార్జి తగ్గినా, ఎక్కువైనా, షార్టయినా ఆ బోర్డు ఇక ఏమీ చేయలేదు. అది ఉత్త అలంకారం. ఆటోలకైతే కనీసం స్విచ్చు ఉంటుంది. నాకు అది కూడా పెట్టలేదు.

మల్లేశం ముఖం మాడిపోయింది. "అనసూయా, గిదేంది?"

ఆవిడ లేచి వచ్చింది. దాచే ప్రయత్నం చేయలేదు. "నేనే ఏసిన. ఆటోలోల్లకు ఒక వైరు ఏస్త. ఈ సారుకు డబల్ ఏసిన."

"ఎందుకు? నన్ను తగలబెట్టడానికా?" నా గొంతు నాకే వినలేనంత ఎత్తులో ఉంది. విశాఖవాణ్ణి అనలేకపోయిన మాటలు, కెప్టెన్ను అనలేకపోయిన మాటలు అన్నీ నోటి దాకా వచ్చాయి.

ఆవిడ నన్ను వింతగా చూసింది. "గట్లంటరేంది సార్? సముద్రంల పంపు ఆగింది, మీ ఇంటామె బకెట్టుతోని తోడింది అని మీరు ఫోన్ల చెప్పిండ్రంట గదా, మల్లేశమన్న చెప్పిండు. నాకు ఆ దినమంతా మనసున పట్టలే. ఆటో ఆగితే దిగి నూకుతరు. మీరు ఏడ దిగుతరు సార్? అందుకనే అసలు బందే కావద్దని డబల్ ఏసిన."

ఎనిమిది నెలలుగా ఎంతమందికి ఈ కథ చెప్పానో! సుభద్ర బకెట్టు గురించి ఆలోచించిన మనిషి ఈవిడ ఒక్కతే. ఆలోచించి, సరిగ్గా మమ్మల్ని చంపే పని చేసింది. అందుకే నాకు ఇంకా ఎక్కువ భయమేసింది. మోసగాణ్ణి కనిపెట్టడం నేర్చుకున్నాను. మేలు కోరి చేసిన తప్పును కనిపెట్టే తెలివి నాకు లేదు. ఆ రోజు పరీక్ష పెట్టకపోతే ఆ పెట్టె మీదే మేమిద్దరం పడుకునేవాళ్ళం.

కూర్చోబెట్టి చెప్పాను. బోర్డు ఆపితే చీకటి, ఆపకపోతే మంట. సముద్రంలో రెండింటి నుంచీ దిగి పోయే చోటు లేదు. ఆవిడ శ్రద్ధగా విన్నది.

"మరి పంపుకు ఒక పాత తీరు ఆసిడ్ బ్యాటరీ అలగ్ పెట్టుకోరాదు సార్? మా ఇంట్ల ఇన్వర్టర్ ఉన్నా చార్జింగ్ లైట్ ఒకటి పక్కకే ఉంచుకుంటం."

కెప్టెన్ నవ్వుకు భయపడి నేను పారేసింది సరిగ్గా అదే. ఆ సంగతి అక్కడ చెప్పలేదు.

తరవాత పని చకచకా సాగింది. నల్ల వైర్లు తీసేశారు. చెడిపోయాయేమో అన్న అనుమానంతో నాలుగు సెల్స్‌నూ పక్కన పెట్టి కొత్తవి వేశారు. వాళ్ళు పని చేస్తుంటే నేను పక్కనున్న మెస్సులో తొంభై రూపాయల భోజనం ముందు కూర్చుని సగం తిన్నాను. పడవలో ఏది దేనికి కలపాలో అక్కడే కాగితం మీద గీసుకున్నాను: పంపు, రేడియో, ఇంజను స్టార్టరు, రాత్రి దీపాలు సీసం బ్యాటరీకి. ఫ్రిజ్, ఫ్యాన్లు, తెరలు, మిగతావన్నీ లిథియానికి. ఇంజను కరెంటు ముందు సీసం బ్యాటరీకి వెళ్ళి, అక్కడి నుంచి మధ్యలో ఒక చార్జర్ ద్వారా కొద్దికొద్దిగా లిథియానికి పోతుంది. నేరుగా కలిపితే, బోర్డు కట్ చేసిన క్షణంలో, ఇంజనులో కరెంటు పుట్టించే ఆల్టర్నేటరు కాలిపోతుంది. చివర్లో అనసూయ, ఆటో వెనక్కి వెళ్ళేటప్పుడు మోగే హారన్ ఒకటి తెచ్చి, పన్నెండున్నర వోల్టులకు మోగేలా బిగించింది. "చెప్పకుంట బంద్ గాదు ఇగ. ముందుగాల ఒర్లుతది" అంది. మళ్ళీ పరీక్షించాం. హారన్ మోగింది. పది వోల్టులకు దీపాలు టప్పున ఆరాయి. చీకటిని చూసి అంత సంతోషించడం నా జీవితంలో అదే మొదటిసారి. లిథియం ప్యాకు ఎనభై ఐదు వేలు, సీసం బ్యాటరీ పన్నెండు వేలు. రెండూ లారీ పార్సిల్‌లో, లోపలున్నదేమిటో కాగితం మీద రాయించి పంపాను. రైల్లో వెంట తీసుకుపోదామని ప్రయత్నించకండి.

అయిదు గంటలకు తిరుగు ప్రయాణం. మళ్ళీ అదే ఆటో. షెడ్డులో చార్జింగ్ పెట్టుకోమంటే యాదగిరి గంటసేపే పెట్టి, తీసేసి నిద్రపోయాడు. ఎక్కేముందు అతనికి అన్నీ చెప్పాను.

"నాలుగేండ్ల సంది ఏం గాలే సారూ. మీరు ఊకె పరేషాన్ అయితుండ్రు" అన్నాడు.

ముత్తంగి దగ్గర, పొద్దున ఆగిన చోటికి ఫర్లాంగు దూరంలో, ఆటో మళ్ళీ ఆగింది. వెనక లారీలు. అతని చెయ్యి సీటు కిందికి వెళ్ళింది. నేను కాళ్ళు రెండూ మళ్ళీ బయటి అంచుకు పెట్టాను. అతను అద్దంలో నా ముఖం చూశాడు. ఏం కనబడిందో ఏమో, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"దిగుండ్రి పెద్దసారూ. నూకుదం."

డెబ్భై ఒక్కేళ్ళ వయసులో, జాతీయ రహదారి మీద, హారన్ల మధ్య ఆటోను అర కిలోమీటరు, చార్జింగ్ ఉన్న పెట్రోలు బంకు దాకా తోశాను. లారీలు పక్కనుంచి రాసుకుంటూ పోతూనే ఉన్నాయి. కాని కాళ్ళ కింద నేల ఉంది.

బ్యాటరీలు బిగించాక సుభద్రను పిలిచాను. ఆమె పడవ ఎక్కి, నన్ను అడగకుండా లిథియం మెయిన్ స్విచ్చు తానే ఆపేసింది. ఫ్యాన్లు ఆగాయి, తెరలు ఆరాయి. పంపు మాత్రం తోడుతూనే ఉంది. పావుగంట దాని పక్కనే కూర్చుని వింది. కెప్టెన్ గట్టు మీద నిలబడి ఏదో అన్నాడు. ఈసారి నాకు వినబడలేదు. నా భయం పోయిందని చెప్పను. ఇప్పటికీ పెట్టె మీద అరచెయ్యి పెట్టి చూడందే నాకు నిద్ర రాదు. వచ్చే నెలలో చెన్నై దాకా వెళ్దామనుకుంటున్నాం. సుభద్ర వస్తానంది. బకెట్టు కూడా తెస్తానంది.

మీరూ ఇలాంటి పని మీద ఆ వైపు వెళ్తే ఒక్కటి మరిచిపోకండి. బ్యాటరీ వెలుగుతుందా అని కాదు, ఆరవలసిన చోట ఆరుతుందా అని అక్కడే, మీ కళ్ళ ముందే పరీక్ష చేయించండి. కట్టినవాళ్ళు ఎంత మంచివాళ్ళయినా సరే, మూత తీయించి చూడండి.