రీలులో మొదటి ముఖం

మా మామ ఇబ్రహీంపట్నంలో ఫొటోలు తీసేవాడు. ఆయన కెమెరా వయసులో మా అమ్మకంటే, బరువులో నాకంటే పెద్దది. అది గాజు పలకల మీద తప్ప బొమ్మ పట్టదు. రజాకార్ల గొడవల్లో పట్నం నుంచి సామాను ఆగిపోయి పలకలు అయిపోయాయి. మిలటరీ నుంచి తిరిగొచ్చిన ఒకాయన మామకు మూడు ఫిల్ము రీళ్లు ఇచ్చాడు. అవి ఆ కెమెరాలో పట్టవు. నేను దాని వెనక ఒక చెక్కపెట్టె బిగించి, రీలు తిరగడానికి రెండు మేకులు, అంకెలు కనబడడానికి లాంతరు ఎర్రగాజు ముక్క పెట్టాను.

"ఇది కెమెరానా, కోళ్లగూడా?" అన్నాడు మామ.

"గుడ్లు పెడితే నీకే ఇస్త మామా," అన్నాను.

మొదట ఫొటో దిగింది మా వాడకట్టులో ఉండే పెద్దమ్మ ఒక్కగానొక్క కొడుకు. నా ఈడువాడు. దొరల మీద కొట్లాడే దళంలోకి పోతూ వచ్చాడు.

"జర నవ్వురా," అన్నాను.

"నవ్వితే మా అమ్మ గుర్తుపట్టదు. కడిగినంక ఆమెకియ్యి."

గాజు పలకైతే ఆ సాయంత్రమే కడిగేవాణ్ని. రీలుకు ఎనిమిది ఫొటోలు, ఎనిమిదీ నిండేదాకా విప్పకూడదు. అది నిండలేదు. ముఖం దాచుకోవడమే అందరికీ పనైన రోజుల్లో ఫొటో ఎవరు దిగుతారు?

పోలీసు యాక్షన్ అయింది. రజాకార్లు పోయారు, మిలటరీ వచ్చి దళాలవాళ్లను వెతకసాగింది. ఒకరోజు మిలటరీ జమేదారు ఏడుగురిని తాళ్లతో కట్టి తెచ్చి మా గోడముందు నిలబెట్టాడు. ఒక్కొక్కరిని విడిగా తీశాను. రీలు నిండింది, ఎర్రగాజులో ఎనిమిదో అంకె అతనూ చూశాడు.

"రేపు పొద్దున వస్త. ఎనిమిదికి ఎనిమిది ఇయ్యాలె. ముక్క కోసినవనుకో, తొమ్మిదో తస్వీరు నీదే," అన్నాడు.

"నా ముఖం అంత బాగుండదు సార్."

అతనికి నవ్వు రాలేదు. నాకూ రాలేదు. పెద్దమ్మ కొడుకు పేరు అతనికి తెలుసు, ముఖమే తెలియదు. పలకల కాలంలో మనిషికొక గాజు, పగలగొడితే పోయేది. అందరినీ ఒకే పట్టీ మీద వరసగా నిలబెట్టిన తెలివి నాది.

పెద్దమ్మ ఇంటికి పోయాను. చాటలో జొన్నలు ఏరుతోంది.

"కడిగితే నీ కొడుకు మొకం జమేదారుకు దొరుకుతది పెద్దమ్మా. కడగకముందే ఎండ చూపిస్తే ఆ ఒక్కటి నల్లగైతది. ఎవ్వరికీ దొరకదు."

"నాకు?"

"నీక్కూడా."

"ముందుగాల నాకొకటి తీసియ్యరాదా?"

"కడిగినంక ఎండకు పెట్టినా బొమ్మ చెరగదు. గీకితే జమేదారు పట్టుకుంటడు."

ఆమె జొన్నల్లోంచి ఒక రాయి తీసి పక్కన పడేసింది. "వానిది వేరే తస్వీరు లేదు కొడుకా."

"అవ్."

"బతికుంటే మల్ల దిగుతడు తియ్యి. నల్లగ చెయ్యి."

ఆ మధ్యాహ్నం చీకటి గదిలో మిగతా ఏడింటినీ నల్లగుడ్డలో చుట్టి, మొదటి కొసను తలుపు సందులో ఎండకు పెట్టాను. కడగని ఫిల్ము మీద చూడడానికి ఏమీ ఉండదు. అయినా కళ్లు మూసుకున్నాను. అంత నాటకం నాకు అలవాటు లేదు.

మర్నాడు జమేదారు కడిగిన రీలులో నల్లముక్క చూసి, "గిదేంది?" అన్నాడు.

"నేను వీనికి ముందే చెప్పిన సార్, అది కోళ్లగూడని. అన్ని ఎండ దూరే సందులే," అన్నాడు మామ. ఆయన తిట్టు నాకు పనికొచ్చింది ఆ ఒక్కసారే. జమేదారు ముక్క కోసి నా మీద పడేసి, ఏడింటినీ పట్టుకుపోయాడు.

తాళ్లతో కట్టిన ఆ ఏడుగురూ కలలోకి వచ్చి, మమ్మల్ని ఎందుకు ఎండకు పెట్టలేదని ఇప్పటికీ అడుగుతుంటారు. మీ ముఖాలు జమేదారుకు ముందే తెలుసు కదా అంటాను. ఒప్పుకోరు. వాళ్ల వెనక ఎనిమిదోవాడు నిలబడతాడు, ఏమీ అడగడు.

పెద్దమ్మ కొడుకు తిరిగి రాలేదు. దొరికాడని గానీ, పోయాడని గానీ కబురు లేదు. ఏడాది తర్వాత ఆమె వచ్చి ఆ ముక్క ఉందా అని అడిగింది. ఇచ్చాను. ఎండకు ఎత్తి చూసింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"దీంట్ల వాని తలకాయ ఎటుంది కొడుకా?"

ఒక కొస మీద వేలు పెట్టాను. ఆమె ఆ కొసను పైకి ఉంచి పట్టుకుని, అట్లాగే ఇంటిదాకా నడిచిపోయింది.