రెండోసారి గట్టిమేళం

గంగాధరానికి జీవితంలో ఒక్కటే కోరిక. తను డోలు ఆపగానే ఎవరైనా, ఒక్కసారి, మళ్ళీ వాయించమని అడగాలి. అదేమన్నా గొంతెమ్మ కోరికా అంటారు మీరు. పెండ్లిమేళంలో నాలుగు రోజులు కూర్చుని చూడండి, తెలుస్తుంది. తిరుచానూరు కల్యాణ మండపాల్లో ఇరవై ఏళ్ళుగా వాయిస్తున్నాడు మనిషి. చేతులు అరిగేలా అతను వాయిస్తుంటే, జనం వడల గురించీ వియ్యపురాలి చీర గురించీ మాట్లాడుకుంటారు. ఆపితే ఎందుకాపావని అడిగే నాథుడుండడు. వాళ్ళ నాయన కూడా డోలు వాయించినవాడే. ఆయన ఉన్నమాటే చెప్పి పోయాడు.

"మన వాయిద్యం వినేదానికి కాదురా. అవతల తుమ్మేది వినపడకుండా చేసేదానికి."

తుమ్ము మాట వచ్చింది కాబట్టి గంగాధరం భార్య మునిరత్నమ్మ సంగతి చెప్పాలి. తాళి కట్టే వేళకు పెద్దవాళ్ళెవరో చూపుడువేలు ఎత్తి ఆడిస్తారు. వెంటనే గట్టిమేళం మోగుతుంది, ఏ అపశకునమూ చెవిన పడదు. లోకంలో అందరికీ జరిగే ఈ ముచ్చట ఆమెకు జరగలేదు. డోలు వాయించేవాడేమో తాళి పట్టుకుని పీటల మీద కూర్చున్నాడు. పిలిపించిన ఇంకో డోలాయన బస్సు తప్పిపోయి గూడూరులోనే ఉండిపోయాడు. సరిగ్గా మూడోముడి పడేటప్పుడు పెదమామ తుమ్మాడు. మండపమంతా వినిపించింది. అప్పటినుంచీ పాలు విరిగినా, ఇల్లు కురిసినా మునిరత్నమ్మ వేరే కారణం వెతకదు. ఆ పొద్దు గట్టిమేళం పడి ఉంటే ఇట్లయ్యేదా అంటుంది. గంగాధరం డోలు తాళ్ళు బిగించుకుంటూ కూర్చుంటాడు. ఏం చెప్తాడు పాపం, తప్పు తనది కాదనడానికీ లేదు, అవుననడానికీ లేదు.

ఇట్లా ఉండగా రెండు వేల అయిదులో, చంద్రగిరి రోడ్డులోని ఒక ఇంజనీరింగు కాలేజీ వార్షికోత్సవానికి బెంగుళూరు నుంచి ఇద్దరు కుర్రాళ్ళు పాటకచేరీకి వచ్చారు. వాళ్ళ దగ్గర వాయిద్యమంటూ ఏమీ లేదు. ఒక కంప్యూటరు, మీటలున్న పెట్టెలు, అంతే. పాట దాంట్లోంచే వస్తుందట. వాళ్ళ వెంట ఊరూరా తిరుగుతూ, వాళ్ళకన్నా ముందు వాయించే చిన్న బ్యాండు ఒకటుంది. పాడే అమ్మాయి మహిత, గిటారు వాయించే శ్రీకృష్ణ, ఆ ఇద్దరే. అసలువాళ్ళు వచ్చేలోగా జనాన్ని కాసుకుని ఉండడం వాళ్ళ పని. మహితా వాళ్ళు దిగిన లాడ్జి, గంగాధరం వాయిస్తున్న మండపం పక్కనే. పొద్దున ముహూర్తం డోలుకు లేచి, మొహాలైనా కడుక్కోకుండా వచ్చి అతని ముందు నిలబడ్డారు. సాయంత్రం తమతో వాయిస్తారా అని మహిత అడిగింది. గంగాధరం వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరినన్నా అడుగుతోందేమోనని.

పని సంగతి విన్నాక ధైర్యం వచ్చింది. ఎవరూ వినకపోయినా వాయిస్తూ ఉండాలి, అంతే కదా. ఆ విద్యలో తనను మించినవాడు లేడు. మూడో పాటలో మహిత తనవైపు చూసి తలూపినప్పుడు మెల్లగా అందుకోవాలని, అంతదాకా డోలు ముట్టుకోకూడదని ఒప్పందం.

మునిరత్నమ్మ పట్టుచీర కట్టుకుని వచ్చి ముందువరసలో కూర్చుంది. మొగుడు డోలు వాయించే చోటికి మామూలు చీరలో ఎట్లా వస్తుంది? వెనకంతా పిల్లలు, చేతుల్లో బొరుగుల పొట్లాలు. మొదటి పాట ఎవరూ వినలేదు. బొరుగులు నములుతూ, అసలువాళ్ళను రమ్మని అరిచారు. మహిత మొహం చిన్నబోయింది. వీళ్ళూ మనవాళ్ళే, అనుకున్నాడు గంగాధరం. నిజంగానే జాలిపడ్డాడు.

రెండో పాట మధ్యలో స్పీకర్లు కీచుమన్నాయి. వద్దు, తగ్గించమని మహిత మైకుసెట్టువాడివైపు తిరిగి చూపుడువేలు ఎత్తి ఆడించింది.

ఇంకేముంది! ఇరవై ఏళ్ళ అలవాటు. చేతులు బుర్రను అడగలేదు. గట్టిమేళం పడింది, అదీ మైకులో, మైదానం అదిరిపోయేలా.

పిల్లలదీ తప్పు లేదు. అందరూ చిత్తూరు జిల్లా పెండ్లిళ్ళలో పెరిగినవాళ్ళే. ఆ మోత వినగానే చేతులు వాటంతటవే లేచాయి. అక్షింతలు లేవు, బొరుగులున్నాయి. అవే విసిరారు. పెండ్లితో ఏ సంబంధమూ లేని మహిత మీదా శ్రీకృష్ణ మీదా జోరుగా కురిశాయి. శ్రీకృష్ణ తెరిచిన నోట్లో కూడా నాలుగు పడ్డాయి.

గంగాధరానికి తెలివొచ్చింది, ఆపేశాడు. సిగ్గుతో తల ఎత్తలేదు. అప్పుడు వెనకనుంచి ఎవడో "మళ్ళీ" అన్నాడు. పక్కవాడూ అన్నాడు. తర్వాత మైదానమంతా అదే మాట.

మహిత నవ్వుతూ, కానివ్వండి అని మైకు అతని దగ్గర పెట్టింది. మన మహానుభావుడు ఏమన్నాడో వినండి.

"కుదరదమ్మా. ఒక ముహూర్తానికి గట్టిమేళం ఒక్కసారే. రెండోసారి వాయిస్తే దంపతులకు కీడు."

ఇక్కడ దంపతులెవరూ లేరని మహిత బతిమాలింది. అట్లయితే మొదటిది కూడా తప్పేనని మరింత బిగుసుకున్నాడు. ఇరవై ఏళ్ళు ఎదురుచూసిన మాట చెవిన పడ్డ రోజే శాస్త్రం గుర్తుకు రావాలా? వేరేదేదైనా వాయించవచ్చుగా అంటారేమో. వాళ్ళు అడిగింది అది కాదే! జనం అడుగుతూనే ఉన్నారు. గంగాధరం పుల్ల పట్టుకుని కూర్చున్నాడు, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

ముందువరసలో మునిరత్నమ్మ లేచి నిలబడింది.

"మన పెండ్లికి యాడ వాయించినారు? అది అట్లే మిగిలి ఉండాది గదా. అది వాయించు."

కొంగు నడుముకు దోపింది. వెనక్కి తిరిగి మైదానాన్నంతా ఒకసారి చూసింది.

"ఎవురూ తుమ్మగాకండి" అని, చూపుడువేలు ఎత్తి ఆడించింది.

గంగాధరం వాయించాడు. అసలువాళ్ళు మీటల పెట్టెలు పట్టుకుని పక్కన నిలబడి ఉన్నారు, వాళ్ళను ఎవరూ పట్టించుకోలేదు. బొరుగులన్నీ మునిరత్నమ్మ తలమీద పడ్డాయి. ఆమె దులుపుకోలేదు.

మర్నాడు పొద్దున పాలు విరిగాయి. గంగాధరం తలవంచుకుని కూర్చున్నాడు. మునిరత్నమ్మ గిన్నెలోకి ఒకసారి చూసి, పాలు మంచివి కావు అంది.