అత్తగారి మాట, ఇంకొకావిడ మొహం

మా పక్కవాటాలో ఉండే సూదమ్మ అసలు పేరు వీధిలో ఎవరికీ తెలియదు. మొగుడు పోయాక జాకెట్లు కుట్టి కొడుకుని పెంచింది కాబట్టి ఆ పేరు వచ్చిందంటారు. ఆవిడతో ఒక్కసారి మాట్లాడినవాళ్ళకి అసలు కారణం తెలుస్తుంది. కూరగాయలవాడు తక్కెడ ఎత్తకముందే, "నీ కూరకంటే నీ నవ్వే ఎక్కువ తూగుతోంది, అది కింద పెట్టి తూచు" అనేది. వాడు నవ్వుతూనే సరిగ్గా తూచేవాడు. ఎప్పుడో జబ్బు చేసి ఆవిడ మూతి ఎడమవైపుకి కాస్త వంకర తిరిగింది. మాట మాత్రం తిన్నగానే వచ్చేది.

చూపు మసకబారి కుట్టు ఆగిపోయాక ఆవిడకి మిగిలింది ఆ నోరొక్కటే. నోరుంటే చాలదు కదా, వినే చెవులు కూడా ఉండాలి. కొడుకు పని నుంచి రాగానే చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే పొద్దున్న మళ్ళీ వెళ్ళేదాకా తీయడు. ఇక మిగిలింది కోడలు.

కోడలు గిన్నెల షాపులో ఉద్యోగం చేసేది. పెద్ద షాపే, దానికో వెబ్‌సైటు ఉంది. అందులో రాయడం ఈ పిల్ల పని. "స్టీలు పాత్రల వల్ల ఉపయోగాలు", "మంచి కుక్కరు ఎంచుకోవడం ఎలా" అని రాసేది. ఎవరూ చదవలేదు. పక్కింటి మొహమాటం కొద్దీ నేను చదివాను, సగంలోనే ఆవులింత వచ్చింది. షాపు ఓనరు పిలిచి, "ఏమ్మా, ఇది చదివితే గిన్నె కొనాలనిపించదు, పడుకోవాలనిపిస్తుంది. ఒక మనిషి గొంతు వినపడాలి. ఈ నెల చూస్తాను, లేదంటే ఇంకొకర్ని పెట్టుకుంటాను" అన్నాడట.

ఆ సాయంత్రం పరధ్యానంలో పాలు మాడ్చింది. సూదమ్మ ఊరుకుంటుందా? "గీకకే, గిన్నె ఏం పాపం చేసింది! నీళ్ళు పోసి వదిలెయ్. మాడిన గిన్నె, అలిగిన మొగుడు, రెండూ నానితేనే దారికొస్తాయి" అంది. కోడలు కళ్ళు తుడుచుకుని ఆ మాట అలాగే సైటులో పెట్టింది. పైన "అత్తగారి మాట" అని పేరు, కింద మాడిన గిన్నె తోమే పద్ధతి నాలుగు ముక్కల్లో, దాని కింద అడుగు మందంగా ఉన్న కొత్త గిన్నె ఫోటో. జనం ఎగబడి చదివారు. గిన్నెలు కూడా అమ్ముడుపోయాయి.

ఇక్కడిదాకా నాకూ సంతోషమే. తర్వాత ఓనరు వారానికి మూడు మాటలు కావాలన్నాడు. మాటలేమన్నా చెట్లకి కాస్తాయా? సూదమ్మ తిట్టాలంటే ముందు తప్పు జరగాలి. కోడలు తప్పులు చేయడం మొదలుపెట్టింది. నా కళ్ళతో చూశాను. పొయ్యి మీద పాలు పెట్టి, ఫోనులో రికార్డింగు నొక్కి, నురగ అంచుదాకా వస్తున్నా చేతులు కట్టుకుని నిలబడేది. కొత్త పెనాన్ని ఇనప గరిటెతో గీసేది. తిట్లు పడగానే మొహం చిన్నబుచ్చుకుని గదిలోకెళ్ళి టైపు చేసుకునేది. "కాస్త కళ్ళు తడిసేవి కూడా కావాలి" అని ఓనరు అన్నప్పుడు, పోయిన మామగారు నీళ్ళు తాగే గ్లాసు తీసి పాత సామాన్ల మూటలో వేసింది. ముసలావిడ ఆ గ్లాసు కోసం వంటిల్లంతా తడుముకుంటూ ఏమేం అనుకుందో అదంతా సైటుకెక్కింది. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం.

అప్పుడు ఓనరు అత్తగారి ఫోటో అడిగాడు. "నా మొహమా? షాపులోనా?" అని సూదమ్మ ఆ పూట తిట్టడం కూడా మరిచిపోయింది. పెట్టె అడుగునున్న నీలం పట్టుచీర తీసి నాచేత ఇస్త్రీ చేయించుకుంది. అద్దం ముందు కూర్చుని, మూతి ఎటు తిప్పితే తిన్నగా కనిపిస్తుందో నన్నడిగి మరీ నేర్చుకుంది. ఓనరు ఫోటోగ్రాఫర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. అమ్మా అమ్మా అంటూ ఎంతో మర్యాదగా చాలా ఫోటోలు తీయించాడు. గుమ్మం దాటాక, నేను అక్కడే ఉన్నానని కూడా చూడకుండా, "ఈ మూతితో గిన్నెలు అమ్ముడుపోవమ్మా" అన్నాడు కోడలితో. ఆ పిల్ల తలూపింది. అత్తగారికి చెప్పలేదు.

సూదమ్మ రోజూ అడిగేది. "ఏమే, నా ఫోటో ఎక్కిందా?"

"ఎక్కుతుంది అత్తయ్యా, పని నడుస్తోంది."

చివరికి నా దగ్గరికొచ్చి, "చెల్లాయ్, నీ ఫోనులో చూపించు" అంది. అబద్ధం చెప్పడం నావల్ల కాలేదు, చూపించాను. వెండిలా మెరిసే జుట్టు, వరస తప్పని పళ్ళు, చేతిలో గరిటె. డబ్బిచ్చి తెచ్చిన ఎవరో ఆవిడ. కింద సూదమ్మ మాటలు. ఫోనుని కళ్ళకి ఆనించుకుని చాలాసేపు చూసింది.

"ఎవరే ఈవిడ?"

"తెలియదక్కయ్యా."

"బాగానే ఉంది. నా మాట ఆ నోట్లో వంకర పోలేదు" అని ఫోను నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి సూదమ్మ ఇంట్లో నోరు విప్పలేదు. పాలు పొంగితే లేచి వచ్చి పొయ్యి ఆపి మళ్ళీ వెళ్ళి కూర్చునేది. పెనం గీస్తే అటు తిరిగి పడుకునేది. కోడలికి గుబులు పుట్టింది. దాచుకున్న పాత మాటలు ఒక్కొక్కటే ఖర్చవుతున్నాయి. ఆఖరికి అత్తగారి కుట్టుమిషను పాత ఇనప సామానువాడికి అమ్మేసింది, ఫోనులో రికార్డింగు పెట్టి మరీ. వాడు మిషను ఈడ్చుకుపోతుంటే సూదమ్మ మంచం మీద కాళ్ళు పైకి లాక్కుని వాడికి దారి ఇచ్చింది. ఆ పిల్ల చెంప పగలగొడదామన్నంత కోపం వచ్చింది నాకు.

ఆ చలికాలంలో ఒక పొద్దున్న సూదమ్మ నిద్ర లేవలేదు. శవం ఇంకా ముందుగదిలో ఉండగానే నా ఫోను మోగింది. చూస్తే షాపు సైటు నుంచి మెసేజి, "అత్తగారి మాట". "మాడిన గిన్నెకి భయపడకే అమ్మాయ్" అంటూ వెండిజుట్టావిడ నవ్వుతోంది. ముందే టైము పెట్టి ఉంచితే దానంతటదే వెళ్తుందట. పలకరించడానికొచ్చిన ఓనరు కోడల్ని పక్కకి పిలిచి, "ఈ సంగతి సైటులో పెట్టకమ్మా. జనానికి ఆవిడ బతికుండాలి" అన్నాడు. దానికీ తలూపింది.

కొన్నాళ్ళకి కోడలు మా ఇంటికొచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి. ఏడ్చిందనే అనుకున్నాను.

"పిన్నిగారూ, అత్తయ్య మీతో మాట్లాడేవారు కదా. ఆవిడ మాటలు ఏవైనా గుర్తుంటే చెప్పరూ? నా దగ్గరున్నవి అయిపోయాయి" అని ఫోను బల్ల మీద పెట్టింది.

"ఒకటుంది. నీ గురించే అంది" అన్నాను. కావాలనే అన్నాను, గుచ్చుకోవాలనే.

"చెప్పండి."

సూదమ్మ పోవడానికి ముందు వారం మా గోడ దగ్గర నిలబడి అన్నది అన్నట్టే చెప్పాను. "పాలు కావాలనే మాడుస్తోందని నాకు మొదట్నుంచీ తెలుసే. కళ్ళు పోయినా ముక్కుంది కదా నాకు. తిట్టించుకోవడానికైనా నా దగ్గరికి ఒక మనిషి వస్తోంది కదా అని తిట్టాను. ఆయన గ్లాసు ఏ మూటలో ఉందో తెలిసే వంటిల్లంతా వెతికాను, దాని ఉద్యోగం నిలబడాలని. ఇంకొకావిడ మొహం పెట్టారని కాదు నా బాధ. ఆ పిల్ల నాకొక్క మాట చెప్పలేదు, అదీ."

ఆ పిల్ల రెండు చేతుల్లో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఇన్నాళ్ళకి మనసు కరిగిందనుకుని వీపు మీద చెయ్యి వేశాను. కాసేపటికి తేరుకుని ముక్కు తుడుచుకుని, ఫోను అందుకుని చూసుకుంది.

"పిన్నిగారూ, సరిగ్గా పడిందో లేదో. ఆ గ్లాసు ముక్క ఇంకోసారి చెప్తారా?"

లేచి తలుపు తీశాను. వెళ్ళిపోయింది. మొదటిసారే సరిగ్గా పడినట్టుంది. మర్నాడు పొద్దున్నకల్లా సైటులో ఉంది, పైన వెండిజుట్టావిడ ఫోటో, కింద గ్లాసుల ధరలు.