సుద్దముక్క మాస్టారి నలభై పాఠాలు

మా విభాగంలో ఆయన్ని అందరూ సుద్దముక్క మాస్టారనేవారు. పద్దెనిమిదేళ్లుగా తాత్కాలిక అధ్యాపకుడిగానే గణాంకశాస్త్రం చెప్పాడు. జేబులో మరిచిన సుద్దముక్కలు ఉతుకులో కరిగిపోయి, ఇంట్లో చీవాట్లు తినేవాడట. నేనూ తాత్కాలికమే. ఆ ఏడు మా ఇద్దరిలో ఒకరికి ఉద్యోగం ఖాయం చేసి, రెండోవాళ్లని పంపేస్తామన్నారు. ఆ సెమిస్టర్ పాఠాలన్నీ ఆన్‌లైన్‌లోనే పెట్టాలన్నది షరతు.

కంప్యూటరంటే ఆయనకి కళ్లకు గంతలు కట్టినట్టే. అయినా ఇంట్లో గోడకు బోర్డు తగిలించి, భార్య చేత ఫోన్ పట్టించి, వారానికి రెండుమూడు చొప్పున వీడియోలు తీశాడు. మొత్తం నలభై. ఎక్కించిన ప్రతిదీ స్టాఫ్‌రూమ్‌లో నాకు చూపించి మురిసిపోయేవాడు.

మూడో వారంలో ఒక పాఠం పక్కన గీత కొట్టిన కన్ను బొమ్మ చూపించి అడిగాడు.

"ఇదేంటమ్మా? అన్నిటికీ ఉంది."

ఆ బొమ్మ ఉంటే పాఠం దాగి ఉన్నట్టు; ఎక్కించాక విద్యార్థులకు కనబడేలా తెరవాలి. ఆయన ఒక్కటీ తెరవలేదు. సంగతి నాలుక చివరిదాకా వచ్చింది, మింగేశాను.

"అందరికీ వస్తుంది లెండి మాస్టారూ."

సిగ్గేసింది. కానీ ఉద్యోగం నాకూ కావాలి. అడిగితే పాఠాలు వినాల్సొస్తుందని విద్యార్థులూ నోరు మెదపలేదు. నాలుగు నెలలు ఆయన గోడకు చెప్పుకున్నాడు.

"ఒక్కడూ సందేహం అడగలేదంటే పాఠం అంత తేటగా ఉందన్నమాట" అనేవాడు సంబరంగా.

చివరికి విభాగాధిపతి మా ఇద్దర్నీ కూర్చోబెట్టి లెక్కలు తీశాడు.

"మీ పాఠాలు ఒక్కరూ చూడలేదండి. అయినా పోయినేడు యాభై ఎనిమిది శాతం పాసైతే, ఈసారి డెబ్బై తొమ్మిది. మీరు చెప్పకపోతేనే పిల్లలు బాగుపడుతున్నారు మాస్టారూ."

అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఉద్యోగం నాదైంది.

వరండాలో మాస్టారు నన్ను ఆపాడు. కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"నీకైనా వచ్చింది, సంతోషం. ఎక్కడ తప్పు చేశానో ఒక్కసారి చూసిపెట్టమ్మా. ఆ పాఠాలు వచ్చే ఏడు పిల్లలకైనా పనికొస్తాయి."

ఒక్క నొక్కు చాలు, అన్నీ తెరుచుకుంటాయి. నా అబద్ధం కూడా బయటపడుతుంది.

"మీ ఖాతా పొద్దున్నే మూసేశారు మాస్టారూ" అన్నాను.

అదీ నమ్మాడు.