వీర్రాజు మెడలో గంట

మనుషుల మాటలే ఒక పట్టాన నమ్మనివాణ్ణి, ఇక దెయ్యాల్ని ఏం నమ్ముతాను? రావులపాలెం మార్కెట్లో పాతికేళ్లుగా అరటి గెలల వ్యాపారం చేస్తున్నాను. గెలను చేత్తో తడిమి చూడనిదే బేరం ఒప్పుకోను. ఎవరైనా దెయ్యం కథ మొదలుపెడితే "ఫోటో ఉందా?" అని అడిగి నోరు మూయించేవాణ్ణి. ఇప్పుడు కూడా దెయ్యాలున్నాయని చెప్పడానికి ఇది రాయడం లేదు. వరద రోజు నా చెవులతో విన్నది, కళ్లతో చూసింది చెబుతాను. ఆపైన మీ ఇష్టం.

మా అక్క హైస్కూల్లో ఆటల టీచరుగా చేసి రిటైరైంది. బావగారు పోయి చాలా కాలమైంది, పిల్లల్లేరు. రిటైరయ్యాక ఎవరైనా కాశీకో తిరుపతికో వెళ్తారు. మా అక్క గుర్రాల్ని పెట్టుకుంది.

అది మొదలైంది హైవే మీద. పెళ్లి ఊరేగింపుల్లో తిప్పిన తెల్ల గుర్రం ఒకటి, రెండు కళ్లూ పొరలు కమ్మి గుడ్డిదైపోతే, దాని తాలూకు వాళ్లు రోడ్డు మీద వదిలేసి పోయారు. లారీలు హారన్లు కొడుతుంటే డివైడర్ పక్కన వణుకుతూ నిలబడి ఉందట. అక్క చీర కొంగు దాని మొహం మీద కప్పి, అక్కణ్నుంచి ఇంటిదాకా నడిపించుకొచ్చింది. దానికి రాణి అని పేరు పెట్టింది. తర్వాత ఉప్పాడ బీచ్‌లో పిల్లల్ని ఎక్కించుకు తిరిగి కాళ్లు అరిగిపోయిన రెండు పొట్టి గుర్రాలు వచ్చాయి. తర్వాత బాదల్ అనే ఇంకో పెళ్లి గుర్రం. చివరికి రాజమండ్రిలో జట్కా లాగి లాగి ముసలిదైపోయిన ఒక ఎర్ర గుర్రం వచ్చింది. దానికి వీర్రాజు అని మనిషి పేరు పెట్టింది. అది నడిచే తీరు వాళ్ల పాత హెడ్‌మాస్టరు నడకలా ఉంటుందట.

గోదావరి గౌతమి పాయ మధ్యలో మాకు లంక భూమి ఉంది. అందులో మెరక మీద పాక వేయించి గుర్రాల్ని అక్కడ ఉంచింది. తనూ అక్కడే ఒక గది కట్టుకుని ఉండేది. చుట్టుపక్కల వాళ్లు దాన్ని గుర్రాల వృద్ధాశ్రమం అనేవారు. అక్కడ ఒకటే నియమం, ఎవరూ గుర్రం ఎక్కకూడదు. "పుట్టిన దగ్గర్నుంచీ మోశాయిరా, ఇంక చాలు" అనేది.

నేను ప్రతి ఆదివారం మిగిలిపోయిన అరటిపళ్లు పట్టుకుని వెళ్లేవాణ్ణి. వెళ్లినప్పుడల్లా "గుడ్డి గుర్రానికి పళ్లు తోముకుంటూ కూర్చో, ఇంకేం పనుంది నీకు" అని ఏడిపించేవాణ్ణి. అక్క నిజంగానే రాణి నోరు తెరిచి పళ్లు చూపించి "తోమాను, బాగున్నాయా?" అనేది.

గుడ్డి గుర్రం తిరగడానికి అక్క ఒక ఉపాయం చేసింది. వీర్రాజు నెమ్మదస్తుడు. దాని మెడకు ఒక గంట కట్టింది. ఆ చప్పుడు పట్టుకుని రాణి వెనకాలే నడిచేది. ఆ గంట ఆత్రేయపురంలో మా మేనమామ ఎడ్ల మెడలోది. ఒక పక్క బీట వారింది. అందుకని ఖంగుమని మోగదు. పగిలిన మూకుడు మీద గరిటె తగిలినట్టు టక్... టక్... అంటుంది. అలాంటి చప్పుడు నేను ఇంకెక్కడా వినలేదు.

రోజూ సాయంత్రం వీర్రాజు ముందు, రాణి వెనక, లంక నుంచి, పాయకు అడ్డంగా వేసిన కాజ్‌వే మీదుగా ఏటిగట్టు దాకా వెళ్లి గడ్డి మేసి వచ్చేవి. గట్టు ఎక్కాక రాణి తన గడ్డాన్ని వీర్రాజు వీపు మీద ఆనించి కళ్లు మూసుకునేది. కనపడని కళ్లు మూసుకోవడం ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు.

ఎండాకాలం చివర్లో వీర్రాజు చచ్చిపోయింది. వయసు మీద పడింది, అంతే. లంక మీదే పాక వెనకాల పెద్ద గొయ్యి తీయించి పాతిపెట్టాం. గంట విప్పబోతే అక్క ఒప్పుకోలేదు. "అది వాడిదిరా, వాడితోనే పోనీ" అంది. గంట మెడకే ఉంది. పైన మట్టి నేనే దగ్గరుండి పోయించాను. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

ఆ తర్వాత రాణి అడుగు తీసి అడుగు వేయలేదు. ఉలవలు పెట్టినా ముట్టలేదు. అక్క రాజమండ్రి నుంచి కొత్త ఇత్తడి గంట తెచ్చి బాదల్ మెడకు కట్టి చూసింది. రాణి చెవులు ఒకసారి అటు తిప్పి, మొహం పక్కకు పెట్టేసుకుంది. ఆ గంట విప్పి పాకలో పారేసింది. అప్పట్నుంచీ అక్క పగ్గం పట్టుకుని, పేరు పెట్టి పిలుస్తూ నడిపిస్తే తప్ప రాణి కదిలేది కాదు.

అలా ఉండగా వరద వచ్చింది.

ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చారని మార్కెట్లో అందరి ఫోన్లూ మోగాయి. లంకల్లో జనాన్ని, పశువుల్ని ముందురోజే గట్టు మీదికి చేర్చారు. మా అక్క మాత్రం కదల్లేదు. ఫోన్ చేస్తే "మెరక మీదికి నీళ్లు రావులే" అని ఒకే మాట. తర్వాత ఫోన్ కూడా కలవలేదు. నూకరాజు అని మాకు తెలిసినతను ఇంజన్ బోటు నడుపుతాడు. బతిమాలి అతన్ని తీసుకుని మధ్యాహ్నం దాటాక లంకకు వెళ్లాను.

వెళ్లేసరికి కాజ్‌వే మునిగిపోయి ఉంది. మామూలప్పుడే అది ఇరుకు దారి, సగంలో ఎడమకు మలుపు ఉంటుంది. అంచు రాళ్లు కూడా కనపడటం లేదు. ఎర్రనీళ్లు దాని మీదుగా సుడులు తిరుగుతూ పోతున్నాయి. దానికి రెండు పక్కలా ఎంత లోతో దేవుడికే తెలియాలి.

మెరక చుట్టూ కూడా నీళ్లు చేరాయి. అక్క వానలో తడుస్తూ మూడు గుర్రాల మధ్య నిలబడి ఉంది. రాణి మాత్రం పాకలోంచి కదల్లేదు. మెడలో ఆటల టీచరు విజిల్ అలాగే ఉంది.

"అమ్మగారండీ, మళ్లీ రావడానికి కుదరదండి. ఉరవడి పెరిగిపోతోందండి. ఇప్పుడే ఎక్కేయండి" అన్నాడు నూకరాజు.

"బోటులో గుర్రాలు పడతాయా?" అని అడిగింది అక్క.

"పట్టవండి."

"అయితే తమ్ముణ్ణి తీసుకెళ్లిపో."

నాకు ఒళ్లు మండిపోయింది. చేయి పట్టి లాగాను, విడిపించుకుంది. అరిచాను, తిట్టాను. "అయితే నువ్వూ నీ గుర్రాలూ గోదాట్లో కలవండి" అని కూడా అన్నాను. అన్నానే గానీ బోటు ఎక్కడానికి నా కాలు లేవలేదు. నాకున్నది ఒక్క అక్క. అమ్మ పోయాక నాకు అన్నం పెట్టి చదివించింది తనే.

చివరికి గుర్రాల్ని కాజ్‌వే మీదుగా నడిపిద్దామని బాదల్‌ని ముందుకు తీసుకెళ్లాం. నీళ్లు కాళ్లకు తగలగానే అది ముందరి కాళ్లు ఎత్తి వెనక్కి పడినంత పని చేసింది. పొట్టి గుర్రాలు దగ్గరికే రాలేదు. అక్క మొహంలో మొదటిసారి భయం చూశాను. "ఇంక చేసేదేం లేదురా చంటీ, నువ్వెళ్లు" అంది. ఆ మాట నెమ్మదిగా అంది. అందుకే నాకు ఇంకా భయం వేసింది.

అప్పుడు పాకలో ఉన్న రాణి సకిలించింది. వీర్రాజు పోయాక దాని గొంతు వినడం అదే మొదలు. చెవులు రెండూ నిక్కబొడుచుకుని ఉన్నాయి. పగ్గం ఎవరూ పట్టుకోలేదు, పేరు పెట్టి ఎవరూ పిలవలేదు. తనంతట తనే పాకలోంచి దిగి, మా పక్క నుంచే తిన్నగా కాజ్‌వే మీది నీళ్లలోకి వెళ్లిపోయింది.

"రాణీ!" అని అరుస్తూ అక్క పరిగెత్తి దాని జూలు పట్టుకుంది. నేను అక్క వెనకాల పరిగెత్తాను. ఆలోచించి చేసింది కాదు. ఎగువ వైపు గుర్రం, దిగువ వైపు మేమిద్దరం. నీళ్లు నడుం దాకా వచ్చాయి. మోకాళ్ల కింద నుంచి ఎవరో లాగుతున్నట్టు ఉంది. నూకరాజు బోటును దిగువన కొంచెం దూరంలో పెట్టుకుని మాతోపాటే వస్తున్నాడు.

నాలుగు అడుగులు వేశామో లేదో వినపడింది.

టక్... టక్... టక్...

మా ముందు, గుర్రం ఒకటి నడిస్తే ఎంత దూరంలో ఉంటుందో అంత దూరంలో. వాన చప్పుడులో, నీళ్ల హోరులో అది స్పష్టంగా వినపడింది. ముందు ఏమీ లేదు, ఎర్రటి నీళ్లు తప్ప. భయానికి చెవులు మోగుతున్నాయనుకున్నాను. ఆంజనేయ దండకం ఎత్తుకుని రెండో లైను మర్చిపోయాను.

సగం దారిలో ఎదురుగా గట్టు మీద జనం, ఆటోలు కనపడ్డాయి. ప్రాణభయం కదా, నేను రాణిని తిన్నగా అటు తోయబోయాను. అది రాలేదు. గంట చప్పుడు ఎడమకు జరిగింది. రాణి ఎడమకు తిరిగింది. సరిగ్గా అప్పుడే నా కుడికాలి కింద నేల లేకుండా పోయింది. మలుపు అక్కడే. జూలు పట్టుకుని ఉండబట్టి, అక్క నా చొక్కా దొరకబుచ్చుకోబట్టి బతికాను. తిన్నగా వెళ్లి ఉంటే ముగ్గురం పోయేవాళ్లం.

వెనక్కి చూస్తే బాదల్, దాని వెనక రెండు పొట్టి గుర్రాలు, వరసగా వస్తున్నాయి.

గట్టు ఎక్కాక చప్పుడు ఆగిపోయింది. రాణి కూడా ఆగింది. మెడ ముందుకు చాచి, గడ్డం కొంచెం పైకెత్తి, గాలిలో ఒకచోట ఆనించి పెట్టింది. సరిగ్గా వీర్రాజు వీపు ఉండే ఎత్తులో. కళ్లు మూసుకుంది. దాని మెడ వాలలేదు, వణకలేదు. చాలాసేపు అలాగే ఉంది. గట్టు మీద జనం కూడా చూశారు. గుర్రం అలసిపోయిందనుకున్నారు.

నేను ఎవరికీ ఏమీ చెప్పకూడదనుకున్నాను. ఇంతలో నూకరాజు బోటు కట్టేసి పైకి వచ్చాడు.

"బాబుగారండీ, ముందర గంట కట్టిన గుర్రం ఏదండి? చప్పుడు వినపడింది గానీ నా కంటికైతే కనపడలేదండి."

అతను వీర్రాజును ఎప్పుడూ చూడలేదు, దాని గంట సంగతీ తెలియదు. నాలుగు గుర్రాల మెడలూ తడిమి చూశాను. ఒక్కదానికీ గంట లేదు.

"ఏ గంటరా?" అంది అక్క.

చెప్పాను. అక్క నా మొహం చూసింది, నూకరాజు మొహం చూసింది. తర్వాత రాణి దగ్గరికి వెళ్లి, దాని గడ్డం కింద ఖాళీగా ఉన్న చోట చేయి పెట్టబోయి, మళ్లీ తీసేసుకుంది. అంత వరదకూ ఏడవని మనిషి అక్కడ బురదలో కూర్చుని ఏడ్చింది.

"నేను నీకూ రాణికీ మధ్యే ఉన్నాను కదరా. నాకెందుకు వినపడలేదు?"

తర్వాత నాకు తోచినవన్నీ చేసి చూశాను. గట్టు మీద ఆ సమయానికి ఎడ్లు గానీ ఆవులు గానీ ఉన్నాయా అని అడిగాను. ముందురోజే దూరంగా తోలేశారన్నారు. నూకరాజు బోటులో ఉన్న ప్రతి రేకునీ డబ్బానీ కొట్టించి విన్నాను. ఏదీ ఆ చప్పుడు కాదు. అక్కను రాజమండ్రిలో చెవుల డాక్టరుకు చూపించాను. చెవులు నిక్షేపంలా ఉన్నాయన్నాడు. రోజూ నడిచిన దారి కాబట్టి రాణి కాళ్లకు గుర్తుండి ఉంటుందని కొందరన్నారు. నిజమే కావచ్చు, ఒప్పుకుంటాను. మరి ఆ రోజే ఎందుకు కదిలింది? నేను, నూకరాజు విన్నదేమిటి?

వరద తీశాక లంకకు వెళ్తే వీర్రాజును పాతిన చోట ఒండ్రు మేట వేసి ఉంది. మట్టి కదిలిన గుర్తు లేదు. తవ్వి గంట ఉందో లేదో చూద్దామా అన్నాను. అక్క వద్దంది. నిజం చెప్పాలంటే తను సరే అన్నా నేను తవ్వేవాణ్ణి కాదు. ఉంటే ఏమనుకోవాలో తెలియదు. లేకపోతే అసలే తెలియదు.

ఇప్పుడు అక్క గుర్రాల్ని గట్టు అవతల మెరక చేలోకి మార్చింది. రాణి బాగానే తింటోంది. రోజూ సాయంత్రం మాత్రం అక్క దాని పగ్గం వదిలేసి, కాజ్‌వే మీద దాని పక్కనే నడుస్తుంది. ఏమీ మాట్లాడదు, పేరు పెట్టి కూడా పిలవదు.

నేను ఆదివారం అరటిపళ్లు తీసుకుని వెళ్తూనే ఉన్నాను. దారి ఇప్పుడు అటు కాకపోయినా ముందు కాజ్‌వే దగ్గరికి వెళ్తాను. బండి ఇంజన్ ఆపేసి, కాసేపు నిలబడి, అప్పుడు చేలోకి వస్తాను. అక్క నన్ను చూడగానే పళ్ల సంచీ అందుకోకుండా ముందు ఒకటే అడుగుతుంది.

"ఏరా, ఏమైనా వినపడిందా?"

లేదంటాను. అది నిజమే.